అణువులు ఎందుకు నిలబడ్డాయో రాయి తమ్ముడూ

తమ్ముడూ,

ఆక్సైడ్ల మీద ఒక్క అణువు మందంతో వాటంతట అవే కట్టుకునే పొరల గురించి నువ్వు రాసిన వ్యాసం మొత్తం చదివా, కష్టపడ్డావని తెలుస్తోంది, కానీ "అణువులు వాటంతట అవే వరసగా అమరిపోతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశావ్ చూడు, చదివేవాడు ఆగి అడిగేది అక్కడే కదా, ఎందుకు అమరతాయి అని.

అణువు సంగతి తర్వాత, ముందు లోహం దగ్గర మొదలుపెట్టు. అల్యూమినియంకి గాలి తగిలితే చాలు పైన కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర కట్టేస్తుంది, దాని మీద హైడ్రాక్సిల్ (OH) గ్రూపులుంటాయి. ఆ ముక్కని ఆక్టాడెసిల్ ఫాస్ఫోనిక్ యాసిడ్ (ఒక చివర యాసిడ్ తల, వెనక పొడవాటి కార్బన్ తోక ఉండే అణువు) కలిపిన ఆల్కహాల్‌లో ముంచితే యాసిడ్ తల ఆ హైడ్రాక్సిల్స్‌ని పట్టుకుంటుంది, కాస్త వేడి చేస్తే నీరు పోయి బంధం గట్టిపడుతుంది, వెనకున్న 18 కార్బన్ల తోకలు ఒకదాన్నొకటి లాక్కుని నారుమడిలో నారులా ఒత్తుగా, కొంచెం ఒరిగి నిలబడతాయి. మందం సుమారు 2 నానోమీటర్లు, అంతే. ఆ పైన ఇంకో వరస ఎందుకు గట్టిగా అతుక్కోదంటే తోక చివర పట్టుకోడానికి ఏమీ లేదు, పైపైన చేరింది కడిగితే పోతుంది. ఈ మాట చాలామంది వదిలేస్తారు, నువ్వు వదలకు, అసలు అందం అంతా ఇందులోనే ఉంది.

"బలమైన బంధం" అన్నావ్, ఏ ఆక్సైడ్ మీద? టైటానియం ఆక్సైడ్ మీద గట్టిగా ఉండే ఫాస్ఫోనిక్ యాసిడ్ సిలికా (గాజులో ఉండే సిలికాన్ ఆక్సైడ్) మీద నీళ్లు తగిలితే ఊడొచ్చేస్తుంది, అక్కడ సిలికాన్ తల ఉన్న సిలేన్లే వాడతారు.

రుజువు కూడా చూపించాలి. నీటి బొట్టు 110 డిగ్రీల కోణంలో నిలబడిందని రాశావ్, బానే ఉంది, పొర నీటిని అంటనివ్వట్లేదని తెలుస్తుంది, కానీ తోకలు నిజంగా వరసలో ఉన్నాయని చెప్పేది ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పొర ఎక్కడ పీల్చుకుంటుందో చూసే పరీక్ష. తోకల్లోని CH2 పీక్ (cm⁻¹ లెక్కలో) 2918 దగ్గరుంటే తోకలు తిన్నగా ఉన్నట్టు, 2924 దాటిందంటే గజిబిజిగా ఉన్నట్టు.

చరిత్ర అనగానే అందరూ 1983లో బంగారం మీద ఇలాంటి పొరలు కట్టిన పనితో మొదలెడతారు, నీ సబ్జెక్ట్ ఆక్సైడ్ కాబట్టి 1980లో సాగివ్ అనే శాస్త్రవేత్త గాజు మీద కట్టిన సిలేన్ పొరల నుంచి రా.

ఇంక ఆ 29.15 శాతం, అంటే సోలార్ సెల్ తన మీద పడ్డ ఎండలో కరెంటుగా మార్చిన వాటా. 2020లో బెర్లిన్ హెల్మ్‌హోల్ట్స్ సెంటర్ వాళ్లు, లిథువేనియాలోని కౌనస్ టెక్నాలజీ యూనివర్సిటీ వాళ్లు కలిసి చేసిన పెరోవ్‌స్కైట్-సిలికాన్ టాండమ్ సెల్ (ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు పదార్థాల సోలార్ సెల్) అది, నంబర్ హెడ్డింగ్‌లో పెట్టావ్ కానీ ఎలక్ట్రోడ్‌గా వాడే పారదర్శకమైన ఇండియం టిన్ ఆక్సైడ్ మీద కూర్చున్న, ఇలాంటిదే అయిన ఆ కార్బజోల్ అణువుల పొర ఏం చేసిందో ఎక్కడా లేదు. పాజిటివ్ చార్జ్‌ని ఎలక్ట్రోడ్‌కి త్వరగా దాటించింది, మధ్యలో ఎలక్ట్రాన్‌తో కలిసి వృథా అయ్యేదాన్ని తగ్గించింది. దీని మీద ఒక పేరా రాసి మళ్లీ పంపు, హెడ్డింగ్ సంగతి అప్పుడు చూద్దాం.