రాతిలోని అడుగుజాడలు చదవాలంటే ఏ కోర్సు?

ప్రశ్న: మా అమ్మాయి కడపలో ఇంటర్ బైపీసీ రెండో ఏడాది చదువుతోంది. నీట్ వద్దంటోంది. ఇసుకరాళ్లలో మిగిలిన పాతకాలపు క్షీరదాల అడుగుజాడల మీద పనిచేస్తుందట. గండికోట రాళ్లలోనే వెతకొచ్చంటోంది. దీనికి చదువుందా, ఉద్యోగముందా?

జవాబు: ముందు గండికోట సంగతి. ఆ రాళ్ల వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. క్షీరదాలు పుట్టి సుమారు 22 కోట్ల ఏళ్లే. అక్కడ అలల ముద్రలు, నీరు తొలిచిన గుంటలు కనిపిస్తాయి గానీ పాదాలు ఎంత వెతికినా దొరకవు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వించినప్పుడు బయటపడ్డవి క్షీరదాలవే, కానీ అవి ఎముకలు.

ఇక పని ఎలా ఉంటుందంటే, సగం టేపూ నోటుపుస్తకమే. ఒక్క అడుగుతో పెద్దగా ఏమీ తేలదు, వరుస కావాలి. ఒక కాలు పడిన చోటి నుంచి అదే కాలు మళ్లీ పడిన చోటిదాకా స్ట్రైడ్, ఎడమ నుంచి కుడికి పేస్. ముందు పాదం, వెనక పాదం విడివిడిగా పొడవు, వెడల్పు, లోతు, వేళ్ల సంఖ్య రాసుకోవాలి. లోతు తక్కువ ముద్ర మిట్టమధ్యాహ్నం కంటికే ఆనదు. ఎండ ఏటవాలుగా పడే పొద్దున, సాయంత్రం చూడాలి. త్రీడీ నమూనాకు మాత్రం నీడపట్టున, ఒక్కో ఫొటో పక్కదానితో కనీసం 60 శాతం కలిసేలా, పక్కన స్కేలు పెట్టి తీయాలి.

కొత్తవాళ్లు బోల్తాపడేది జాడకు పెట్టే శాస్త్రీయ నామం దగ్గరే. ఆ పేరు జంతువుది కాదు, ముద్ర ఆకారానిది. బ్రెజిల్‌లో పాత ఎడారి ఇసుకతిన్నెలు గట్టిపడిన రాతిలోని జాడలకు లియొనార్డి అనే శాస్త్రవేత్త 1981లో బ్రసిలిక్నియం అని పేరుపెట్టాడు. నడిచింది క్షీరదమా, దాని దగ్గరి పూర్వజీవా అన్నది వేరే ప్రశ్న. ఒకే జంతువు తడి ఇసుకలో ఒకలా, పొడి ఇసుకలో ఇంకోలా ముద్ర వేస్తుంది. పై పొర అరిగిపోయి కింది పొరలోకి దిగిన నొక్కు మాత్రమే మిగిలితే గోళ్లు కనబడవు. గోళ్లు లేవు కదా, గోళ్లు ముడుచుకుని నడిచే పిల్లిజాతే అనేస్తే తప్పు.

దీనికంటూ విడిగా డిగ్రీ వెతక్కండి. బీఎస్సీ జియాలజీలో చేర్చండి, తోడుగా జువాలజీ కుదిరితే మంచిది. పాదం ఎముకలు తెలియనివాళ్లు ముద్ర చదవలేరు. ఎమ్మెస్సీకి కడపలోనే యోగి వేమన యూనివర్సిటీ ఉంది, ఐఐటీలకైతే జామ్ అనే ప్రవేశ పరీక్షలో జియాలజీ పేపరు రాయాలి. పరిశోధనకు లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ లాంటివి ఉన్నాయి. అడుగుజాడల నిపుణులు కావాలని పేపర్లో ప్రకటన పడుతుందని ఆశపడొద్దు. కూడు పెట్టేది జియాలజీ. జీఎస్‌ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా)లో చేరాలంటే ఎమ్మెస్సీ తర్వాత యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి.

ఈ ఆదివారం పెన్న ఒడ్డున తడి ఇసుకలో ఒక మేక జాడ చూసుకోమనండి. వరుసగా పది అడుగులు, ఒక్కోటి మూడుసార్లు కొలిచి, కొలతకూ కొలతకూ ఎన్ని మిల్లీమీటర్ల తేడా వస్తోందో రాయాలి. వెనక కాలు తరచూ ముందు కాలి ముద్ర మీదే పడుతుంది, ఆ రెండింటినీ విడదీయడమే చిక్కు. మరుసటి ఆదివారం కూడా తనంతట తానే వెళ్తే డిగ్రీ దరఖాస్తు నింపండి.