పాత కారు డోర్లకి లాక్ దానంతటదే పడుతోంది. లాకు మోటార్లు మార్పించాలా?

మార్పించకండి. కనీసం ఈ వారం మార్పించకండి.

నాది 2006 మోడల్ కారు. సెంట్రల్ లాకింగ్, అంటే ఒక్క డోరు లాక్ చేస్తే అన్నీ లాకయ్యే ఏర్పాటు, కంపెనీది కాదు, తర్వాత బయట షాపులో బిగించింది. డోరు వేయగానే లాక్ పడటం, గతుకుల్లో లాకులు టకటకా కొట్టుకోవడం, ఇవన్నీ నేనూ పడ్డాను. విజయవాడ ఆటోనగర్‌లో డ్రైవర్ డోర్ మోటారు రెండుసార్లు మార్పించాను. మార్చాక పది రోజులు బుద్ధిగా ఉండేది. పదకొండో రోజు మళ్ళీ మొదలు.

ఓసారి తెనాలిలో పెళ్ళి చూసుకుని రాత్రి వెనక్కి వస్తున్నాం. నేనూ, వెనక సీట్లో నిద్రపోతున్న మా అత్తగారూ. మంగళగిరి దాటాక ఒక బంకులో గాలి పట్టిద్దామని ఆగాను. ఏసీ ఆపితే ఆవిడకి మెలకువ వస్తుందని ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, దిగి డోరు వేశాను. అంతే, నాలుగు లాకులూ ఒక్కసారిగా టక్! తాళంచెవి లోపల, ఫోను లోపల, అత్తగారు లోపల.

అద్దం మీద కొట్టగా కొట్టగా లేచారు. సైగ చేస్తే డోరు మీది లాక్ నాబ్ పైకి లాగారు, అది మళ్ళీ దిగింది. ఆవిడ లాగడం, అది దిగడం, ఇలా నాలుగైదుసార్లు. గాలి పట్టే కుర్రాడు పని మానేసి చూస్తున్నాడు. "తాళం మీరేసి నన్ను తియ్యమంటారేంటి బాబూ?" అని లోపల్నుంచి అరుపు. చివరికి కాపాడింది వెనక డోరుకున్న చేత్తో తిప్పే అద్దం. దాన్ని దింపించి, చెయ్యి లోపలికి పెట్టి, నాబ్ పట్టుకునే డోరు తీశాను. ఈ రోజుల్లో చాలా కార్లలో ప్రతి అద్దానికీ స్విచ్చే కదా. అదీ వద్దనుకుంటే మనల్ని పాతకాలం మనిషి అంటారు.

మర్నాడు సెల్లార్‌లో నేనే కూర్చున్నాను. డ్రైవర్ డోరుకీ బాడీకీ మధ్య, మడతబందుల దగ్గర, ముడతల రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. డోరులోకి వెళ్ళే వైర్లన్నీ అందులోంచే. దాన్ని వెనక్కి తోస్తే ఒక వైరు తొడుగు పగిలి, లోపలి రాగి పచ్చగా చిలుం పట్టి కనిపించింది. ఇన్నేళ్ళుగా డోరు తీసిన ప్రతిసారీ సాగి, వేసిన ప్రతిసారీ వంగిన వైరు మరి.

ఈ బయట కిట్లలో మిగతా డోర్ల మోటార్లకి రెండేసి వైర్లు. కరెంటు ఇటు పోతే లాక్ పడుతుంది, అటు తిరిగితే లేస్తుంది. డ్రైవర్ డోరుకి మాత్రం సాధారణంగా ఐదు. అదనపు మూడూ డాష్‌బోర్డు కింది బాక్సుకి ఆజ్ఞలిచ్చేవి. అందులో లాక్ వైరు బాడీకి తగిలితే చాలు, మనమే లాక్ వేశామనుకుని బాక్సు అన్నిటినీ బిగించేస్తుంది. ఇంజిన్ వణుకుతుంటే అది తగులుతూ, వదులుతూ ఉంటుంది. అత్తగారు లాగిన నాబ్ దిగిపోయింది అందుకే. మోటారు మార్చేటప్పుడు వైర్లు అటూ ఇటూ కదిలి తగలడం ఆగుతుంది, మెకానిక్కి పేరొస్తుంది.

ఒక డోరే పలక్కపోయినా నేను ముందు చూసేది ఆ డోరు గొట్టంలోనే. నాలుగూ పలక్కపోతే ఫ్యూజు, రిమోట్‌కి మాత్రమే పలక్కపోతే దాని సెల్లు. నన్నడిగితే, పాత కారులో జబ్బు ఎక్కడున్నా లేకపోయినా మడతబందుల దగ్గర ఉండి తీరుతుంది.

వోల్టులు కొలిచే మీటరుని మాత్రం నమ్మకండి. వైరులో ఒక్క పోగు మిగిలినా అది 12 వోల్టులు చూపిస్తుంది, మోటారు కరెంటు లాగేసరికి ఆ వోల్టేజి చతికిలబడుతుంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టి, మోటారు ప్లగ్గు ఊడదీసి అక్కడ పెట్టండి. లాక్ నొక్కగానే ఒక్క క్షణం గట్టిగా వెలిగి ఆరాలి. గుడ్డిగా మినుకుమంటే వైరుదే తప్పు.

బ్యాటరీ నెగెటివ్ ఊడదీశాకే వైరు కొయ్యండి. కొత్త ముక్క కాస్త పొడుగ్గా వేసి, సోల్డరింగ్ వంగే చోట రాకుండా చూసి, అతుకు మీద స్లీవ్, అంటే సన్నటి గొట్టం, తొడగండి. మెలిపెట్టి టేపు చుట్టే వాళ్ళని దగ్గరికి రానివ్వకండి. మన మే నెల ఎండకి ఆ జిగురు కరిగి కారుతుంది, టేపు విడిపోతుంది, మళ్ళీ ఆటోనగరే. స్పీకర్లు బిగించేవాళ్ళు ఇంకా ఘోరం, లాక్ వైరునే గీకి కరెంటు తీసుకుంటారు. తుప్పు పట్టకుండా కోటింగు కొట్టేవాళ్ళేమో డోరు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు మూసేస్తారు. వానాకాలమంతా మోటారు పక్కనే నీళ్ళు నిలుస్తాయి. ఇవన్నీ డబ్బిచ్చి చేయించుకున్నాను నేను.

మొత్తం ఖర్చు ఒక మీటరు పొడుగు వైరు, రెండు స్లీవులు. లాకులు ఇప్పుడు బాగానే పనిచేస్తున్నాయి. అత్తగారు మాత్రం మా కారెక్కగానే ముందు అద్దం సగం దింపుకుంటున్నారు, ఏసీ వేసినా సరే.