అన్నీ నిండు గీతలేనా?

అమ్మాయ్,

ఆర్కిటిక్‌లోని నార్వే దీవులు స్వాల్‌బార్డ్, అక్కడి రాళ్ళ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాషకు వంక పెట్టను. కానీ మూడో పేజీలో "కాప్ స్టరోస్టిన్ రాళ్ళు ఆగిన చోటే పెర్మియన్ యుగం ముగిసింది" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. పాతికేళ్ళ కిందట ఇదే మాట నేనూ అచ్చులో రాశాను. ఎవరో పాఠకుడు పోస్టుకార్డు మీద నాలుగు ముక్కల్లో దిద్దాడు. ఆ కార్డు ఇంకా దాచుకున్నాను.

కాప్ స్టరోస్టిన్ ఒక ఫార్మేషన్. ఫార్మేషన్ అంటే రాయి, కాలం కాదు. పటం మీద గీసి చూపగలిగేంత మందంగా, పైదానికీ కిందిదానికీ తేడా తెలిసేలా ఉన్న రాతి వరుస. కాప్ స్టరోస్టిన్‌లో ఎక్కువగా ఉండేది చెర్ట్, మన చెకుముకిరాయి జాతి. మధ్యమధ్య గవ్వల్లాంటి బ్రాకియోపాడ్ శిలాజాలు. దాని మీద మెత్తటి షేలు, అంటే బురద గట్టిపడి పొరలుగా మారిన రాయి. గట్టిరాయి ఆగి మెత్తరాయి మొదలైన చోట పటం గీసేవాళ్ళు గీత పెడతారు. సుత్తి పట్టుకున్న ఎవరికైనా ఆ తేడా తెలుస్తుంది. 25.2 కోట్ల ఏళ్ళ నాటి పెర్మియన్ యుగాంతం ఆ గీత మీద లేదు. దానికి కొన్ని మీటర్లు పైన, షేలు లోపల ఉంది. దాన్ని పట్టుకోవాలంటే సూక్ష్మశిలాజాలు, కార్బన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న కార్బన్ రకాలు) కావాలి. రాయి మారాక కొంత కాలానికి గానీ యుగం మారలేదన్నమాట. నువ్వు ఒక్క వాక్యంలో ఆ రెండింటినీ కలిపేశావు.

ఇంకో చిత్రం చూడు. ఆ పైనున్న తొలి ట్రయాసిక్ (పెర్మియన్ తర్వాతి యుగం) రాళ్ళకు పడమటి తీరంలో వర్డెబుక్తా, త్విల్లింగొడ్డెన్ అని రెండు పేర్లు. మధ్య ప్రాంతానికి వస్తే దాదాపు అదే కాలపు రాళ్ళు మొత్తం కలిపి వికింగ్‌హోగ్డా. కాలం ఒకటే, రాయి తీరు వేరు, అందుకే పేరు వేరు.

పేర్ల సంగతికొస్తే, వర్డెబుక్తాను నువ్వు "రాళ్ళగుట్ట అఖాతం ఫార్మేషన్" అని తెలుగు చేశావు. ముద్దుగానే ఉంది. వద్దు. పేరు ఒక చోటికి కట్టిన తాడు, అనువదిస్తే తెగుతుంది. మన నర్జి సున్నపురాయి, గండికోట క్వార్ట్‌జైట్ కూడా ఊరి పేర్లే కదా, వాటినెవరైనా ఇంగ్లీషులోకి మారుస్తారా? అక్కడ ఊళ్ళు బహు తక్కువ కనుక అంతరీపాలూ అఖాతాలూ కొండలూ పేర్లిచ్చాయి. కాప్ స్టరోస్టిన్‌ను మొదట ఉత్త "బ్రాకియోపాడ్ చెర్ట్" అనేవారు. 1965లో కట్‌బిల్, చాలినర్ అనే భూవిజ్ఞానులు ఇస్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ముఖద్వారం దగ్గరి అంతరీపం పేరు పెట్టారు. ఆ అంతరీపానికి పేరిచ్చిన స్టరోస్టిన్ ఒక రష్యన్ వేటగాడు. ఫార్మేషన్ పేరు మాత్రం అంతరీపానిదే, ఆయనది కాదు. నువ్వు "వేటగాడి గౌరవార్థం" అన్నావు. కొట్టెయ్.

మనిద్దరం అక్కడికి వెళ్ళలేదు. కాబట్టి మరింత జాగ్రత్తగా ఉండాలి. మొక్కలు పెద్దగా లేని నేల కనుక అన్నీ బయటికే కనిపిస్తాయనుకుంటాం. కానీ మంచు కట్టి, కరిగి, పగిలిన రాతిముక్కలు వాలు మీదికి జారి మెత్తటి పొరలను కప్పేస్తాయి. హద్దు సరిగ్గా ఆ కుప్ప కిందే ఉంటుంది. అందుకే పటంలో చూసిన హద్దుకు నిండు గీత, ఊహించినదానికి తెగిన గీత వేస్తారు. నీ వ్యాసంలో అన్నీ నిండు గీతలే. ఎక్కడ నీకు తెలుసో, ఎక్కడ అనుకుంటున్నావో వాక్యంలోనే తేడా వినబడాలి. ప్రతిచోటా "బహుశా" చల్లమనడం లేదులే, అది ఇంకో రోగం.

ఆ పడమటి తీరంలోని ఫెస్ట్‌నింగెన్ అనే చోటి గురించిన పేరా మాత్రం ముట్టుకోకు. గ్రీన్‌లాండ్ వైపు నుంచి వచ్చిన ఒత్తిడికి నిలువుగా లేచిన పొరలు, తీరం వెంట తూర్పుకు నడిచే కొద్దీ చిన్నవవుతూ వచ్చే రాళ్ళ వయసు, సముద్రంలోకి కోటగోడలా పొడుచుకొచ్చిన ఇసుకరాయి, 1960లో దాని మీద బయటపడ్డ డైనోసార్ అడుగులు... చదువుతుంటే నా కాళ్ళకే గులకరాళ్ళు గుచ్చుకున్నాయి. ఒక్క దిద్దుబాటు: ఆ ఇసుకరాయి ఇప్పుడు విడిగా ఫార్మేషన్ కాదు, హెల్వెషియాఫ్యెల్లెట్ ఫార్మేషన్‌లో అడుగు భాగం, ఒక మెంబర్.

మూడో పేజీ మళ్ళీ రాసి పంపు. ఈసారి పక్కన ఆ తీరపు రాతి వరుసల బొమ్మ చేత్తో గీసుకుని రాయి. బొమ్మ కూడా పంపు, గీతలు వంకరగా ఉన్నా పర్లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు