ఆంగ్లంలో కామా పెట్టాలో, ఫుల్‌స్టాప్ పెట్టాలో ఎలా తేల్చుకోవాలి?

ఇంటర్ చదువుతున్న మీ అమ్మాయి కాలాలు, స్పెల్లింగులు సరిగానే రాస్తున్నా కామాల దగ్గర మార్కులు పోగొట్టుకుంటోందని అడిగారు. ఇది నేను స్వయంగా పడిన ఇబ్బందే. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి ఇంటర్‌లో ఆంగ్ల మాధ్యమానికి మారినప్పుడు, మా లెక్చరరు నా కామాలకు ఎర్ర సిరాతో సున్నాలు చుట్టేవారు గానీ కారణం చెప్పేవారు కాదు. అంతకు ముందు బడిలో నేర్పిన ‘ఊపిరి తీసుకునే చోట కామా’ అన్న సూత్రమే నన్ను ముంచిందని, నేను ట్యూషన్లు చెప్పడం మొదలుపెట్టాక గాని తెలియలేదు.

తెలుగులో ‘బస్సు అందుకోలేక, ఆలస్యంగా వచ్చాను’ అన్నప్పుడు వాక్యాన్ని ముగించే సమాపక క్రియ ఒక్కటే కనుక ఆ కామా ఉన్నా, తీసేసినా వాక్యానికి లోటు లేదు. అదే అలవాటుతో పిల్లలు ‘ఐ మిస్డ్ ద బస్, ఐ కేమ్ లేట్’ అని రాస్తారు. అక్కడ కామాకు రెండు వైపులా కర్త, సమాపక క్రియ ఉన్న పూర్తి వాక్యాలే ఉన్నాయి. వాటిని ఒంటరి కామా కలపలేదు. ఫుల్‌స్టాప్ గాని సెమికోలన్ గాని పెట్టాలి, లేదా కామా తరువాత ‘సో’ చేర్చాలి. ‘బికాజ్ ఐ మిస్డ్ ద బస్’ అని మొదలుపెడితే మాత్రం మొదటి భాగం మన అసమాపక క్రియలాగే తరువాతి దానిపై ఆధారపడుతుంది కాబట్టి అక్కడ కామా చాలు.

అసలు చిక్కు ‘దేర్‌ఫోర్’తో వస్తుంది. మనకు ‘సో’ అన్నా ‘దేర్‌ఫోర్’ అన్నా ‘కాబట్టి’యే గాని, ఆంగ్ల వ్యాకరణంలో మొదటిది వాక్యాలను కలిపే సముచ్చయం, రెండవది అలా కలపలేని క్రియా విశేషణం. అందువల్ల రెండు వాక్యాల మధ్య ‘దేర్‌ఫోర్’ వస్తే దాని ముందు సెమికోలన్ లేదా ఫుల్‌స్టాప్, తరువాత సాధారణంగా కామా ఉండాలి. ‘బట్’కూ ‘హౌఎవర్’కూ ఉన్న తేడా కూడా ఇదే, నా విద్యార్థుల్లో బాగా రాసేవారు సైతం ఎక్కువగా తప్పింది ఇక్కడే.

మీ అమ్మాయి చేత పాత వ్యాసమొకటి తీయించి, ప్రతి కామాపై వేలు పెట్టి రెండు వైపులా విడివిడిగా చదివించండి. రెండూ సొంతంగా నిలబడితే, మధ్యలో ‘అండ్’, ‘బట్’, ‘సో’ వంటి మాట ఉందో లేదో చూడమనండి. నేను మొదటిసారి ఇలా చూసుకున్నప్పుడు ఒక్క పేజీలోనే తొమ్మిది కామాలు ఫుల్‌స్టాపులయ్యాయి.