పోలికల గురించి రాసేటప్పుడు

చిరంజీవికి,

ఆశీస్సులు. బిడ్డలకు తల్లిదండ్రుల పోలికలు ఎలా వస్తాయో వివరిస్తూ నువ్వు పంపిన వ్యాసం చదివాను. మెండెల్ బఠానీ మొక్కల ప్రయోగం చక్కగా చెప్పావు. కానీ అక్కడి నుంచి ఒక్క గెంతులో మనిషి కళ్ళ మీదికి వచ్చేశావు. ‘అమ్మానాన్నలిద్దరివీ నీలి కళ్ళయితే బిడ్డకు గోధుమరంగు కళ్ళు రానేరావు’ అన్న వాక్యం కొట్టెయ్యి. అరుదుగానైనా వస్తాయి. 15వ క్రోమోజోము (జన్యువులను మోసే పోగు) మీద పక్కపక్కనే ఉన్న ఓసీఏ2, హెచ్‌ఈఆర్‌సీ2 జన్యువులది అందులో పెద్ద పాత్రే, కానీ మరెన్నో జన్యువులు కూడా కలిస్తేనే ఆ రంగు తేలుతుంది. నీ వాక్యం చదివి ఏ ఇంట్లోనైనా ఒక తల్లిని నిలదీస్తే? నాకు అదే భయం.

నాలుకను గొట్టంలా చుట్టగలగడం ఒకే జన్యువు వల్ల వస్తుందన్న మాటా తీసెయ్యి. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరు చుట్టగలిగి, మరొకరు చుట్టలేకపోవడం 1952లోనే బయటపడింది.

నువ్వు రెండు ముక్కల్లో తేల్చేసిన చోటే అసలు కథ ఉంది. తల్లి నుంచి 23, తండ్రి నుంచి 23 క్రోమోజోములు వస్తాయని రాసి ఊరుకున్నావు. అండం తయారయ్యేటప్పుడు ఏం జరుగుతుందో చూపించు. తల్లిలోని ప్రతి జతలో ఒకటి ఆమె తల్లి ఇచ్చింది, మరొకటి ఆమె తండ్రి ఇచ్చింది. ఆ రెండూ దగ్గరకు చేరి ముక్కలు మార్చుకుంటాయి. అంటే బిడ్డకు అందే క్రోమోజోము చాలావరకు అచ్చంగా అమ్మమ్మదీ కాదు, తాతదీ కాదు, ఇద్దరి ముక్కలూ అతికినది. ఆ మార్పిడిని పక్కన పెట్టినా, జతకొకటి చొప్పున ఎంచుకునే తీరులే 83,88,608. తండ్రి వైపూ అంతే. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు ఒకరిలా ఒకరు ఉండకపోవడానికి ఇంతకన్నా కారణం కావాలా?

ఎత్తు గురించి క్లుప్తంగా రాస్తే చాలు. 2022లో సుమారు 54 లక్షల మంది జన్యువులను పరిశీలిస్తే దాదాపు 12,000 తేడాలకు ఎత్తుతో సంబంధం కనిపించింది. తిండి, ఆరోగ్యం ప్రభావం వేరే.

పుట్టిన రోజునే కళ్ళ పోలిక తేల్చేసేవాళ్ళ కోసం ఒక మాట చేర్చు: లేత రంగు కళ్ళతో పుట్టిన చాలామంది పిల్లలకు నెలలు గడిచేకొద్దీ మెలనిన్ అనే రంగు పదార్థం పేరుకుని రంగు ముదురుతుంది.

చివర్లో ఇరికించిన రక్తం గ్రూపు పేరాను మొదటికి తీసుకురా. ‘ఏ’ గ్రూపు తండ్రికీ ‘బీ’ గ్రూపు తల్లికీ ‘ఓ’ గ్రూపు బిడ్డ పుట్టవచ్చు, ఇద్దరిలోనూ ‘ఓ’ జన్యువు దాగి ఉంటే చాలు. కంగారుపడి నీ వ్యాసం తెరిచేవాళ్ళకు ముందు కనబడవలసింది ఆ వాక్యమే.