ఎవరు తోశారు నాయనా?

నెల్లూరు, మూలపేట

నాయనా,

బ్యాక్టీరియా తన ప్రోటీన్లని బయటికెలా పంపుతుందో చెప్పే నీ వ్యాసం అందింది. రొయ్యల గుంటకి విబ్రియో అనే బ్యాక్టీరియా తగిలిన రాత్రి మీ నాన్న అన్నం ముందు కూర్చుని లేచిపోయిన మొదటి పేరా బాగుంది. రెండో పేజీకొచ్చేసరికి ఒళ్లు మండింది. "ప్రోటీన్లు తయారు చేయబడి, గుర్తించబడి, పొర గుండా బయటికి పంపబడతాయి." ఎర్ర పెన్నుతో లెక్కపెట్టాను, మొత్తం 17 'బడు'లు.

ఎవరు పంపారు నాయనా? నువ్వు రాస్తున్న విషయమంతా ఆ ప్రశ్నే కదా! బ్యాక్టీరియా పొరలో సెక్‌వై అని సన్నటి దారి ఉంది. మడతపడ్డ ప్రోటీన్ అందులో పట్టదు. అందుకని సెక్‌బి అనే సాయపడే ప్రోటీన్ చాలా ప్రోటీన్లని ముందే పట్టుకుని మడతపడకుండా చూస్తుంది. సెక్‌ఏ అనే ఇంకోటి, కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చుపెడుతూ కొంచెం కొంచెంగా తోస్తుంది. ప్రోటీన్ గొలుసుకి మొదట ఉండే ఇరవై చిల్లర అమైనో ఆమ్లాల ముక్కని అవతల ఒక ఎంజైము కత్తిరిస్తుంది. ఎంతమంది పనివాళ్లో చూడు! అందర్నీ ఒక్క 'బడు' కింద పూడ్చేశావు.

ఆ ముక్కని పాస్‌పోర్టుతో పోల్చావు. పాస్‌పోర్టుని అవతల కత్తిరించి పారేస్తారా? మా అమ్మ లంగాకి బొందు ఎక్కించేటప్పుడు కొసకి పిన్నీసు గుచ్చేది. గుడ్డ కుచ్చిపట్టి వేళ్లతో తోసేది. అవతలికి రాగానే పిన్నీసు తీసేసేది. బొందుకి ముడి పడితే కదిలేది కాదు. సెక్ దారీ అంతే. అయితే ట్యాట్ అని ఇంకో దారి ఉంది, అది మడతపడ్డ ప్రోటీన్లనే దాటిస్తుంది. అక్కడ నా పిన్నీసు పనికిరాదు. ఆ మాట చదివేవాళ్లకి చెప్పెయ్యాలి, దాచకూడదు.

ప్రోటీన్ ఎక్కడికి పోవాలో చెప్పే గుర్తు, అంటే ఇలాంటి ముక్క, దాంట్లోనే ఉంటుందని కనిపెట్టినందుకు 1999లో గుంటర్ బ్లోబెల్‌కి నోబెల్ వచ్చింది. ఆ వారమంతా రాత్రుళ్లు కూర్చుని వ్యాసం రాసి ఒక వారపత్రికకి పంపాను. మూడు నెలలకి వేశారు. 'తోస్తుంది' అన్నచోటల్లా 'నెట్టివేయబడుతుంది'! పిన్నీసు ఎగిరిపోయింది, లంగా అన్న మాట మర్యాదగా లేదట. ఫోన్ చేస్తే ఎడిటర్ గారు, సైన్సుకి గాంభీర్యం ఉండాలండీ అన్నారు. ఆర్టీసీ బస్టాండులో నిలబడి రెండుసార్లు చదివినా నా వ్యాసం నాకే అర్థం కాలేదు. పాతికేళ్లు దాటినా ఆయన మీద కోపం చల్లారలేదు.

ఇంకోటి, ఇది తప్పే. కలరా క్రిమి కూడా విబ్రియోనే. దాని చుట్టూ లోపలొకటి, బయటొకటి పొరలుంటాయి. దాని విషం ఆ రెండు పొరలూ ఒక్క ఊపులో దాటుతుందని రాశావు. కాదు. విషం ముక్కలు సెక్ దారిన లోపలి పొర దాటి, రెండు పొరల మధ్య సందులో ఒకటవుతాయి. అక్కణ్ణుంచి టైప్ టూ యంత్రం దాన్ని బయటికి గెంటుతుంది. ఒక్క ఊపులో రెండూ దాటించేది సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాలకుండే, సూదిలాంటి టైప్ త్రీ యంత్రం. నువ్వు రెంటినీ కలిపేశావు. 'బడు'తో వచ్చే తంటా ఇదే. చేసిందెవరో రాసేవాడికి తెలియకపోయినా వాక్యం దర్జాగా నిలబడుతుంది.

పుస్తకం వేసుకోవడం గురించి అడిగావు, తర్వాత చూద్దాం. రెండో పేజీ మళ్లీ రాసి పంపు. ఈసారి కవరు మీద చాలినన్ని స్టాంపులు అంటించు, పోస్ట్‌మ్యాన్‌కి నేను కట్టాల్సొచ్చింది.