టెన్త్‌తో ఫిజిక్స్ వదిలేసినవాళ్లు మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?

కామర్స్ చదివాను, టెన్త్ తర్వాత ఫిజిక్స్ ముట్టలేదు, ఇప్పుడు బేసిక్స్ తెలుసుకోవాలంటే ఎలా అని అడిగారు. నా మాట వింటే టెక్స్ట్‌బుక్ జోలికి ఇప్పుడే పోకండి, మొదటి చాప్టర్ కొలతలు, ప్రమాణాల దగ్గరే నిద్రొచ్చేస్తుంది. ఒక్క ప్రశ్న పట్టుకుని తేలేదాకా వదలకండి.

మా అక్క కూతురికి నేను చెప్పిన ప్రశ్న ఇది: స్పేస్ స్టేషన్‌లో మనుషులు ఎందుకు తేలతారు? గ్రావిటీ ఉండదు కాబట్టి అంది, అందరూ అనేదే. కానీ ఆ స్టేషన్ ఉండేది 400 కిలోమీటర్ల ఎత్తులోనే, అక్కడ భూమి ఆకర్షణ ఇక్కడున్నదాంట్లో ఇంచుమించు 90 శాతం ఉంటుంది.

మరి ఎందుకు తేలతారో తెలుసుకోడానికి ముల్లు ఉన్న వెయింగ్ మిషన్ పట్టుకుని అపార్ట్‌మెంట్ లిఫ్ట్ ఎక్కాం (డిజిటల్‌ది వద్దు, చాలావాటిలో అంకె ఒకసారి ఫిక్స్ అయితే ఇక కదలదు). లిఫ్ట్ పైకి బయల్దేరగానే ముల్లు ముందుకు జరుగుతుంది, 60 కిలోల మనిషి రెండు మూడు కిలోలు పెరిగినట్టు. ఆగబోయే ముందు తగ్గుతుంది. మధ్యలో ఒకే వేగంతో పోతున్నంతసేపూ మామూలు బరువే. మూడో ఫ్లోర్‌లో ఎక్కిన అంకుల్ ఏంటమ్మా ఇది అని అడిగి, తనూ ఎక్కి చూసుకున్నారు!

నన్నడిగితే మధ్యలో ముల్లు కదలకపోవడమే అసలు విషయం. కదులుతూ ఉండటానికి బలం అక్కర్లేదు, వేగం మారడానికే కావాలి, న్యూటన్ మొదటి నియమమంతా అందులోనే ఉంది. ఇంకోటి, మిషన్ చూపించేది భూమి మనల్ని ఎంత లాగుతోందో కాదు, మిషన్ మనల్ని ఎంత పైకి నెడుతోందో. లిఫ్ట్ తాడు తెగిందనుకోండి, మనమూ మిషనూ కలిసే పడతాం, ముల్లు సున్నా దగ్గరుంటుంది.

"అయితే వాళ్లు పడిపోతున్నారా మామయ్యా?" అంది. అవును, ఆగకుండా పడుతూనే ఉన్నారు. స్టేషన్ సెకనుకి దాదాపు 7.7 కిలోమీటర్లు పక్కకి దూసుకుపోతూ, ఆ సెకనులోనే నాలుగు మీటర్లకు పైగా భూమి వైపు పడుతుంది, గుండ్రటి భూమి కూడా కింద అంతే వంగిపోతుంది కాబట్టి నేల ఎప్పటికీ అందదు. కొండ మీంచి తగినంత వేగంతో పేల్చిన గుండు భూమి చుట్టూ తిరగగలదని న్యూటన్ మూడు వందల ఏళ్ల కిందటే రాశాడు.

తర్వాత చందమామ ఎందుకు పడదో మీరే ఆలోచించండి, ఫార్ములాలు ఆ తర్వాత. క్వాంటమ్ వీడియోలు మాత్రం ఇప్పుడే వద్దు, సగం చెత్త.